లేబుల్ మీద మా వాడ పేరు

'ఇంటి వంట' అని బోర్డు రాసుకుంటారు. ఎవరి ఇంటి వంట? హైదరాబాదు తిండి బజారులో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. గల్లీకొక స్వగృహ ఉన్నది. సకినాలు, అరిసెలు, కజ్జికాయలు, గవ్వలు, సున్నుండలు గాజు సీసాల్లో పోసి కిలో ఇంత అని చీటీ అంటించి పెడతారు. కొన్ని బోర్డుల మీద కులం కూడా ఉంటది. అగ్రహారం అని ఉంటది, బ్రాహ్మణ భోజనం అని ఉంటది, రాజుల రుచులని ఉంటది, రెడ్ల వంటలని ఉంటది. చూసి ఎవరూ ఉలిక్కిపడరు. అక్కడ కులం శుచికి సర్టిఫికెట్, రుచికి గ్యారంటీ. మరి 'మాదిగింటి మలీద' అని ఒక్క బోర్డు కట్టి చూడండి. ఇంటి వంటలో 'ఇల్లు' అన్న మాటకి ఎన్ని వాకిళ్లున్నాయో, ఎవరు ఏ వాకిట్లో ఆగిపోవాలో అప్పుడు తెలుస్తది.

మేం కులం గురించి మాట్లాడితే కులతత్వం అంటారు. వాళ్లు కులాన్ని బోర్డు మీద రాసి, నెయ్యి పూసి అమ్ముకుంటే సంప్రదాయం అంటారు. ఈ రెండు నాల్కల లెక్క ఒక బిస్కెట్ డబ్బా పట్టుకొని చెప్తాను. చిన్న విషయం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. చిన్న చిన్న విషయాల్లోనే కులం హాయిగా బతుకుతుంది.

మాది జల్‌పల్లి. హైదరాబాదుకు దక్షిణాన, శ్రీశైలం రోడ్డుకు దగ్గర్లో ఉంటది. ఒక దిక్కు పహాడీషరీఫ్ గుట్ట, ఒక దిక్కు చెరువు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయినంక మా నెత్తి మీంచి విమానాలు పోతున్నయి గానీ, నా చిన్నప్పుడు మా కంటికి ఆనింది జొన్నచేన్లే. మా యవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఒక పటేలింట్ల పనిచేసేది.

సంక్రాంతి ముందర ఆ ఇంట్ల సకినాలకు తయారీ. నువ్వులు చెరగాలె, మట్టిపెళ్లలు ఏరాలె, వాముల రాళ్లు తీయాలె, వడ్లు దంచాలె. అవన్నీ మా యవ్వకే. పశువుల కొట్టంల కూసోని చేసేది. బియ్యం నానబోసేదాక ఆమె చెయ్యి మంచిదే. బియ్యానికి నీళ్లు తగిలినయో, అదే చెయ్యి అంటుచెయ్యి. పొడి గింజకు కులం అంటదట, తడి పిండికి అంటుతదట! ఈ శాస్త్రం ఎవడు చేసిండో గాని వానికి ఎవరితోటి ఏ పని చేపిచ్చుకోవాల్నో మంచిగ ఎరుక. దున్నుడు, కలుపు, కోత, చెరుగుడు, దంచుడు - నడుము విరిగే పనికి ఎక్కడా అంటు లేదు. కష్టం ఎక్కడ అయిపోతదో అంటు అక్కడ మొదలయితది.

పండుగ తెల్లారి విరిగిన సకినాలు కొంగుల ఏసేటోళ్లు. చెయ్యి తాకకుండా జానెడు ఎత్తునుంచి. నాకా సకినాలు ఎంత ఇష్టమో ఇప్పుడు చెప్తే నవ్వుతారు. వాటిల్లో నువ్వులు మా యవ్వ చెరిగినవే అని అప్పుడు తోచలేదు. సకినం చుట్టే చేతి మెలిక మా యవ్వ ఆ కొట్టంల నుంచే చూసి నేర్చుకున్నది. ఇంటికొచ్చి బూడిద నీళ్లల్ల కలిపి నేల మీద సుట్లు తిప్పి నాకు చూపెట్టింది. బియ్యప్పిండితో చుట్టేటంత బియ్యం మాకాడ ఉండేది కాదు.

మరి మా ఇంట్ల తీపి లేదా? ఉన్నది. మలీద. రాత్రి మిగిలిన రొట్టెని, జొన్నరొట్టెనో, సజ్జరొట్టెనో, పైసలున్ననాడు గోధుమరొట్టెనో, వేళ్లతో చిదిమి, బెల్లం కలిపి, ముద్ద కట్టాలె. అంతే మలీద. పీర్ల పండుగకు అదే, సద్దుల బతుకమ్మకు అదే. ఒకే ముద్ద అల్లా దగ్గరా ఆగదు, గౌరమ్మ దగ్గరా ఆగదు. నెయ్యి ఉన్నోళ్లు నెయ్యి పోస్తరు. మా ఇంట్ల నెయ్యి పోసింది నాకు యాది లేదు.

నెయ్యి అంటే నెయ్యి ఒక్కటే కాదు. అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో (1936) రాసిన చక్వారా సంగతి చదువుకున్న మన పిల్లలకు తెలిసే ఉండాలి. జైపూర్ సంస్థానంలో ఆ ఊరి అంటరానివాడొకాయన తీర్థయాత్రకు పోయొచ్చి తనోళ్లకు విందు పెట్టుకున్నాడు. వంటల్లో నెయ్యి వాడాడు. తింటుండగానే వందలమంది హిందువులు లాఠీలతో వచ్చి పడ్డారు. తిండి పాడుచేసి, తింటున్నోళ్లను కొట్టారు. నెయ్యి వాళ్ల ఇంటిది కాదు, పెట్టిందీ తిన్నదీ వాళ్లు కాదు, కొన్న పైసలు వాళ్లవి కాదు. అయినా అంటరానివాడి విస్తట్లో నెయ్యి వాళ్ల పరువుకు తగులుకున్నది. కమ్మటి తిండి హోదా గుర్తు. అది కిందోడి చేతికి రావద్దు. మా యవ్వ కొంగులో జానెడు ఎత్తునుంచి పడిన విరుగుడు సకినానికీ, చక్వారా లాఠీకీ మధ్య ఉన్న దూరం పెద్దదేం కాదు.

అందుకని మాకు కలిసొచ్చిందల్లా మలీద చేసుకున్నాం. ఇది నేను గొప్పగానే చెప్తున్నా. రేషన్ చక్కెర వస్తే బెల్లం బదులు చక్కెర. బాల్వాడీల పాలపొడి ఇస్తే అదింత. రేషన్ల పామాయిలు వచ్చినంక వేంచిన మలీద. ఈ మధ్య అంగన్‌వాడీల బాలామృతం ప్యాకెట్ ఇస్తున్నరు. వేంచిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పిండి అది. రెండున్నర కిలోల ప్యాకెట్. చంటిపిల్లలకు జావ కాచి పెట్టమని ఇస్తే మా వాడ తల్లులు దాన్ని ముద్దలు కట్టిండ్రు, పెనం మీద బిళ్లలు కాల్చిండ్రు. వంటల పుస్తకాలోళ్లు 'అసలైన పాత పద్ధతి', 'అమ్మమ్మ కొలత' అని రాస్తారే, మా ఇంట్ల అసలు కొలత అనేదే లేదు. ఏటేటా దొరికింది ఏటేటా కొలత. కొలత మారకుండ ఉండాలంటే ఏటా అదే గింజ, అదే బెల్లం, అదే నెయ్యి ఇంట్లకు రావాలె. అంటే భూమి ఉండాలె. మారని వంటకం భూమి ఉన్నోడి వంటకం.

ఇగ బిస్కెట్ సంగతి. పాతబస్తీ బేకరీలల్ల ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నది. పిండి, చక్కెర, డాల్డా, పాలు మనం తీసుకపోతే వాళ్లు కలిపి, అచ్చు పోసి, భట్టీల కాల్చి ఇస్తరు. కాల్చిన కూలి కట్టి రేకు డబ్బా నింపుకొని రావాలె. పహాడీషరీఫ్ దర్గాకు వచ్చే ఒక ముసలామె చెప్తే మా యవ్వ కూడ చాంద్రాయణగుట్ట దిక్కు ఒక బేకరీకి పోయింది. ఆ భట్టీకి పటేలు పిండి వేరు, మాదిగ పిండి వేరు లేదు. అన్ని రేకులూ ఒక్క పొయ్యిలకే. ఇట్ల చెప్పి ముస్లింలల్ల కులం లేదని నేను అనను. ఉన్నది. వాళ్లల్ల దూదేకులోళ్లను, మెహతర్లను అడిగితే చెప్తరు. కానీ మా యవ్వ తడిపిన పిండిని ముట్టి పిసికిన మొదటి పరాయి చేతులు ఆ బేకరీ పనోళ్లవి. ఇది చెప్పకుంటే అబద్ధమయితది.

మా యవ్వకు గోధుమ బిస్కెట్ ఆనలేదు. "గిదేం తీపే, నోట్ల ఏస్తే మట్టిలెక్క కరుగుతది, మలీద అసొంటి కమ్మదనం లేదు" అన్నది. మలీదనే భట్టీల కాల్పియ్యాలని పట్టుపట్టింది. జొన్నపిండి తీసుకపోతే బేకరాయన నవ్విండు. నవ్వుడుల తప్పు లేదు. గోధుమ పిండిల సాగే జిగురుంటది, జొన్నల ఉండదు. అందుకే జొన్నరొట్టెకు పిండిని ఉడుకు నీళ్లతోటి తొక్కాలె, చేత్తో కొట్టాలె. బిస్కెట్ చేస్తే రేకు మీదనే పొడిపొడి.

మా యవ్వ రెండేండ్లు దాంతో కొట్లాడింది. మూడు పాళ్లు జొన్నపిండి, రెండు పాళ్లు గోధుమపిండి. జొన్నపిండిని ముందుగాల దోరగ వేంచాలె, పచ్చివాసన పోవాలె. అందుల సగం పిండిని ఉడుకు నీళ్లల్ల తొక్కి చల్లారబెట్టి మిగతాదాంట్ల కలపాలె. డాల్డా పిరమని వేంచిన పల్లీలు పొట్టు తీసి, నూనె తేలి ముద్దయ్యేదాక దంచి కలిపింది. బెల్లం పెద్ద తిప్పలు పెట్టింది. బెల్లం నీరు పీలుస్తది, వానకాలం రెండొద్దులకే బిస్కెట్ మెత్తవడుతది. తురిమి, పలచగ పరిచి, మంచి ఎండల ఆరబెట్టి, దంచి కలిపితే కొంత నయమైంది. ఆఖరికి ఒక కోడిగుడ్డు కొట్టి పోస్తే రాలుడు ఆగింది. పైన నువ్వులు అద్దింది. అవే నువ్వులు. ఈసారి తనకోసం చెరిగినవి.

భట్టీ దూరమైతే ఇంట్లనే కాల్చింది. పెద్ద గిన్నెల ఇసుక పోసి, ఇసుక కాగినంక ముక్కాలిపీట అసొంటి ఇనుప రింగు మీద పళ్లెం పెట్టి, పైన మూత, మూత మీద నిప్పులు. ఇంజినీర్లు చదివి చెప్పేది మా యవ్వ గిన్నెతో చేసింది. ఆమెకు సంతకం రాదు. (ఇది చదివి 'అయ్యో పాపం' అనేవాళ్లకు - పాపం వద్దు. లెక్క కావాలె.)

మా అక్క ఉండే మహిళా సంఘంల పదిమంది కలిసి బ్యాంకు అప్పు తెచ్చి కరెంటు పొయ్యి కొన్నరు. మలీద బిస్కెట్లు ప్యాకెట్లు కట్టిండ్రు. తిండి వస్తువు ప్యాకెట్ చేసి అమ్మితే చేసినోళ్ల పేరు, పూర్తి చిరునామా దాని మీద ఉండాలని చట్టం. మేం చట్టం ప్రకారమే రాసినం. ఇంటి నంబరు, ఎస్సీ కాలనీ, జల్‌పల్లి.

నగరంలో పేరున్న ఒక మిఠాయి దుకాణానికి నేనూ మా అక్కా పోయినం. పేరు రాయను, పేరు మారిస్తే ఇంకో దుకాణంల ఇదే మాట వినొస్తది. ఆయన ఒక బిస్కెట్ తిన్నడు. ఇంకోటి తిన్నడు. బాగున్నదన్నడు. నెలకు ఇన్ని కిలోలు కావాలన్నడు. అప్పుడు ప్యాకెట్ తిప్పి చదివిండు.

"అక్కా, సరుకు మంచిగుంది. రెండు సంగతులు. గుడ్డు తీసెయ్యండి. ఇగ ఈ అడ్రసు... శంషాబాద్ అని పెట్టుకోరాదు? ఎయిర్‌పోర్టు దగ్గర అంటే అందరికీ తెలుస్తది."

"మేముండేది శంషాబాద్ కాదు గద సార్."

"నాకేం పట్టింపు లేదక్కా. మా కస్టమర్లే ఒప్పుకోరు. ఏదన్న దేవత పేరు పెట్టుకోండి, మంచిగ పోతది."

ఈ దేశంల కులం పట్టింపు ఉన్నోడు ఒక్కడు దొరకడు. అందరికీ పక్కోడికే ఉంటది. ఇంటోళ్లకు ఉండదు, కిరాయి ఇయ్యమంటే చుట్టుపక్కలోళ్లకు ఉంటది. హెడ్మాస్టరుకు ఉండదు, పిల్లల తల్లిదండ్రులకు ఉంటది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరం అన్నది. మంచిదే. కానీ నవ్వుకుంట, అక్కా అనుకుంట, రెండు బిస్కెట్లు తిని, ఆర్డర్ ఇయ్యకపోవుడు ఏ సెక్షన్ కిందికొస్తది?

గుడ్డు సంగతి ముందు తేలుస్తా. గుడ్డు పడితే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క పోయి మాంసాహారపు గుర్తు పడుతది. ఈ నగరంల 'ఎగ్‌లెస్' అన్న మాటకు ఎంత గిరాకో బేకరీ అద్దం మీద చూస్తే చాలు. శాకాహారం ఒక తిండి అయితే మాకేం పేచీ లేదు, మా ఇంట్ల నెలకు ఇరువై దినాలు శాకాహారమే, బీదతనపు శాకాహారం. కానీ అది శుచికి మారుపేరై కూసుంది. 2024 మార్చిలో జొమాటో కంపెనీ 'శుద్ధ శాకాహార' తిండి మోసే పిలగాండ్లు వేరే ఉంటరు, వాళ్లకు ఆకుపచ్చ అంగీలు అని ప్రకటించింది. గొడవ అయ్యేసరికి తెల్లారే అంగీల మాట వెనక్కి తీసుకున్నది. శుద్ధం అంటే ఏందో, అశుద్ధం ఎవరో మనకు విడిచి చెప్పాల్నా? అయినా గుడ్డు మానినోళ్లకు కూడ మలీద తినే హక్కున్నది అన్నది మా యవ్వ. అవిసెగింజలు దంచి నీళ్లల్ల నానేస్తే జిగురొస్తది, గుడ్డుకు బదులు అది పోసింది. రాలలేదు. ఇప్పుడు రెండు రకాలూ చేస్తున్నం. అది వంట మాట, వంట మార్చుడు మాకు కొత్తగాదు.

అడ్రసు వంట మాట కాదు.

సంఘంల ఆ రాత్రి పెద్ద లొల్లి అయింది. "అడ్రసు మారిస్తే ఏం పోతది? పిల్లల ఫీజు ఎస్సీ కాలనీ అని రాస్తే కడతరా?" అని ఒకామె అడిగింది. ఆమెకు ముగ్గురు ఆడపిల్లలు, తాగుబోతు మొగడు. ఆ మాటను తీసిపారేసే హక్కు నాకు లేదు. ఆత్మగౌరవం నెలజీతం వచ్చేటోళ్ల సొత్తు కాకూడదు. ఆమెకు జవాబు మా అక్క చెప్పింది. "ఇయ్యాల అడ్రసు మారుస్తం. రేపు ఆయన మనల్ని దుకాణంల అడుగుపెట్టొద్దంటడు, ఆటోల పంపమంటడు. ఎల్లుండి లేబులే మాదంటడు. బిస్కెట్ ఆయన ఇంటిదయితది, మనం మళ్ల కొట్టంల కూసోని నువ్వులు చెరగాలె." ముగ్గురు తప్ప అందరూ అక్క దిక్కు చేతులు లేపిండ్రు. ఆ ముగ్గురిలో ఇద్దరు సంఘం విడిచిపోయిండ్రు. నేను వాళ్లను తప్పుబట్టను.

వాడల పేర్లే తీసేస్తే సరిపోతది గదా అనేవాళ్లున్నరు. 2020 డిసెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం కులాల పేర్లున్న బస్తీల పేర్లు మార్చాలని నిర్ణయించింది. వెలివేసిన గుర్తుగా ఊరోళ్లు పెట్టిన పేరు పోవల్సిందే. కానీ పోవల్సింది సర్కారు కాగితం మీదనుంచి, మా ఇష్టంతోటి. దుకాణపాయన కస్టమర్ల కోసం కాదు. బోర్డు మీద అగ్రహారం ఉండొచ్చుగానీ ప్యాకెట్ మీద ఎస్సీ కాలనీ ఉండొద్దా?

ఈ రోగం బిస్కెట్‌తోటే లేదు. పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేవాళ్ల ఉద్యోగాల్లో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిందని పైకులాల పిల్లలు అన్నం ముట్టలేదు. ఆమెను తీసేసిండ్రు, దేశమంతా అడిగినంక మళ్ల పెట్టుకున్నరు. బడిలో కోర్టు ఉత్తర్వైనా ఉన్నది. దుకాణం అరమీద ఏమున్నది?

ఇగ జొన్న సంగతి. జొన్నరొట్టె తింటున్నందుకు బడిల నన్ను ఎక్కిరించిండ్రు. తెల్లన్నం తినేటోళ్లు గొప్పోళ్లు. ఇప్పుడు జొన్న 'మిల్లెట్' అయింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది. మాకు కూతవేటుల రాజేంద్రనగర్‌ల భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నది. జొన్న బిస్కెట్, జొన్న రొట్టె, జొన్న అటుకులు ఎట్ల చేయాల్నో నేర్పుతున్నరు. నేర్పాలె. కానీ జొన్నను బతికిచ్చిందెవరు? జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ చుట్టు ఊళ్లల్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు, ఎక్కువమంది దళితులే, పనికిరావని ఇడిచిపెట్టిన భూముల్ల ఆ విత్తనాలు కాపాడుకుంట వచ్చిండ్రు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మిల్లెట్ డబ్బా మీద మాత్రం పల్లెటూరు ముగ్గు బొమ్మ ఉంటది, ఆ ఆడోళ్లు ఉండరు. మా కోడలు ఎయిర్‌పోర్టుల సఫాయి పని చేస్తది. ఒకనాడు అక్కడి దుకాణంల జొన్న బిస్కెట్ డబ్బా చూసొచ్చింది. దాని ధర ఆమె ఒక రోజు కూలిల సగం. "అత్తమ్మా, మనదే. నువ్వులు గూడ మనలెక్కనే అద్దిండ్రు" అన్నది. జొన్నకు విలువొచ్చింది, జొన్న తిన్నోళ్లకు రాలేదు.

ఇగ మనోళ్లతోటి కూడా ఒక మాట. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీల బీఫ్ పండుగ చేసినప్పుడు గొడవలు జరిగినయి, అయినా మన పిల్లలు చేసింది సరైన పని. ఇప్పుడు మళ్ల చేసినా నేనొచ్చి వండుతా. కానీ మన తిండి అంటే పెద్దకూర ఒక్కటే అన్నట్టు మాట్లాడుడు మానండి. వాళ్లు మనల్ని దేనితో ఎక్కిరించిండ్రో దాన్ని జెండా చేసుకునుడు సరే, మరి వాళ్లకు తెలియనే తెలియని మన మలీద ఎటుపోవాలె? దళితుడికి కారం, కులంవాడికి తీపి అని ఎవడు పంచిండు? మరాఠ్వాడా మాంగు, మహార్ల వంటల మీద షాహూ పాటోళే పుస్తకమే రాసిండు, 2015లో వచ్చింది. చంద్రభాన్ ప్రసాద్ 2016లో 'దళిత్ ఫుడ్స్' అని పేరు పెట్టే మసాలాలు, పచ్చళ్లు అమ్మకానికి దించిండు. తెలుగుల మనకెన్ని ఉన్నయి? ఎంఫిల్, పీహెచ్‌డీ చేసే పిల్లలారా, మీ యవ్వలు బతికుండగనే కూసోబెట్టి అడగండి. ఏ కరువుల ఏం కలిపిండ్రు, ఏ పండుగకు ఏం లేక ఏం పోసిండ్రు అని. కొలత లేదంటరు. లేకపోవుడే రాసుకోండి.

దుకాణం ఆర్డర్ పోయింది. అప్పు వాయిదా రెండు నెలలు ఆలస్యమయింది, సంఘం పైసలల్లకెంచి కట్టినం. ఇప్పుడు షాహీన్‌నగర్‌ల ఒక కిరాణం, గురువారాలు దర్గా కాడ ఒక బండి, యూనివర్సిటీ హాస్టళ్లు, ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్ - ఇవీ మా అరలు. గిట్టుబాటు అంతంత మాత్రమే. పోయిన నెల కొత్త లేబుళ్లు కొట్టిచ్చినం. ప్రెస్సాయన చిన్నక్షరాల్ల కింద వేస్తనన్నడు. మా అక్క ఒప్పుకోలేదు. 'మలీద బిస్కెట్లు' అన్న పేరు ఎంత లావుందో 'ఎస్సీ కాలనీ, జల్‌పల్లి' అంతే లావుండాలన్నది. వెయ్యి లేబుళ్లకు ఆయన యాభై రూపాయలు ఎక్కువ తీసుకున్నడు.